ఆరుగురి బరువున్న గంట

“బండి గేటు దాటగానే ఎందుకు ఆపావు, ఆదామూ?”

“ప్రార్థనకండి.”

“బయల్దేరేముందు చెయ్యలేదా?”

“పెట్టె ఎక్కించే హడావుడిలో అందరూ మర్చిపోయారండి. బండి కదిలాక అయ్యగారికి గుర్తొచ్చింది. ఆపు ఆపు అని చేతులూపుకుంటా వచ్చారు. జనం నిలబడటానికి చోటుండాలని బండి పక్కకి తీసి ఆపాను.”

“ఎంతసేపు?”

ఆదాము నవ్వబోయి ఊరుకున్నాడు. “అయ్యగారి ప్రార్థన సంగతి మీకు తెలవంది ఏముందండీ.”

తెలుసు. ఈ అయ్యగారు కొత్తవారే గాని, మా మార్తమ్మపేట గుడికి వచ్చిన పాస్టర్లెవరూ పొట్టి ప్రార్థన చేసి ఎరగరు. చిన్నప్పుడు ఆ ప్రార్థనల్లో కళ్లు మూసుకుని ఎన్నిసార్లు హాయిగా నిద్రపోయానో లెక్కే లేదు. ఇన్నేళ్ల తర్వాత అదే గుడి మెట్ల మీద, అదే ఊరి కుర్రాణ్ణి దొంగవా కాదా అని అడగాల్సి రావడం నాకు ఏమాత్రం బాగా లేదు.

రేపల్లె దగ్గర్లోని ఈ ఊళ్లో పుట్టి, తెనాలిలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నదాన్ని నేను. పేరు బ్లెస్సీ. కేసు ఇదీ. మా గుడి గంట దొరల కాలం నాటిది. నాలుగు వందల యాభై కిలోల కంచు. భుజం దగ్గర సన్నగా బీట పడి కొన్నాళ్లుగా గొంతు బొంగురుపోయింది. బాగు చేయించాలని సంఘం తీర్మానించింది. సోమవారం నిజాంపట్నం నుంచి పడవల మస్తాన్‌రావు తన కప్పీలు, మోకులు తెచ్చి గంటను కిందికి దించాడు. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, మేకులు కొట్టి, ఆ రాత్రికి గుళ్లోనే ఉంచారు. మంగళవారం పొద్దున ఆదాము చిన్న ట్రక్కులో పెట్టె తెనాలికి బయల్దేరింది. అక్కడ పోత కార్ఖానాలో తెరిచి చూస్తే లోపల ఉన్నవి ఇసుక బస్తాలు.

పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిందీ, నన్ను పిలిపించిందీ ఒకరే. సంఘం సెక్రటరీ ప్రేమ్ కుమార్ గారు. రిటైరైన గుమాస్తా, మెత్తటి మనిషి. “పోలీసులు దొంగను పట్టుకుంటారమ్మా. నువ్వు గంటను పట్టుకో,” అన్నారు ఫోన్లో. ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి.

“అయిపోయిందా నీ ఇంటర్వ్యూ?”

వెనక నుంచి సీఐ వినోద్ కుమార్. రేపల్లె హైస్కూల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్క బెంచీ. అప్పట్లో నా లెక్కలు చూసి రాసేవాడు, ఇప్పుడు నా లెక్కలు నమ్మడు.

“రేపల్లె నుంచి తెనాలికి గంటన్నర దారి. వీడు నాలుగున్నర గంటలు చేశాడు,” అన్నాడు వినోద్. “మధ్యలో బాపట్లలో ఏం పని? సూర్యలంక రోడ్డు బంకు కెమెరాలో బండి పడింది. గంటను అక్కడే దించేసి, ఇసుక ఎక్కించాడు. సాయంత్రం ఎఫ్ఐఆర్ కట్టి వీణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెడతా. నీకు మధ్యాహ్నం దాకా టైముంది.”

“బాపట్ల ఎందుకెళ్లావు?” అన్నాను ఆదాముతో.

“మా అమ్మాయి రూబీ అక్కడ నర్సింగు చదువుతోందండి. జొరమని పొద్దున్నే ఫోన్ చేసింది. మందులిచ్చి, ఇడ్లీ తినిపించి వచ్చాను.”

“ఆ ముక్క మొన్నే చెప్పొచ్చుగా?”

“గుడి పనికి పిలిస్తే సొంత పనికి తిరిగానంటారని భయమేసిందండి.”

మెట్ల చివర ఆదాము తల్లి దానమ్మ అత్త కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుగా గుడి ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆవిడే. నేను రాగానే “వందనాలమ్మా” అంది, అంతే. చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే వస్తే ఆవిడ గంట తాడు కొస నా చేతికిచ్చేది. గంట వెనక్కి ఊగినప్పుడు తాడుతో పాటు నేనూ గాల్లోకి లేచేదాన్ని. ఆవిడ పకపకా నవ్వుతూ నడుం పట్టుకుని దించేది. ఆ నవ్వు మొహమేనా ఇది అనిపించింది. కొడుకు మీద దొంగతనం పడితే ఏ తల్లి మాత్రం నవ్వుతుంది.

నేను గేటు దగ్గరకు నడిచాను. గుడికి ఉన్నది ఆ ఒక్క గేటే. దాని ముందు కొత్తగా సిమెంటు రోడ్డు వేస్తున్నారు. ఒక సగం ఎండింది. రెండో సగంలో నాలుగు చక్రాల గుర్తులు అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. మేస్త్రీ నాగబాబు వాటి పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“పైపూత పూర్తిచేసి ఇంకా చెయ్యి కడుక్కోలేదండి,” అన్నాడు. “బండి తెచ్చి దాని మీదే పెట్టాడు. అరుద్దామంటే ప్రార్థన. అందరూ కళ్లు మూసుకున్నారు. నేనొక్కణ్ణే తెరుచుకుని ఏడ్చాను.”

“తర్వాత సర్దలేదేం?”

“ఆమెన్ అనేసరికి బిగుసుకుపోయిందండి. మళ్లీ పూత వేద్దామంటే ఇసుక లేదు. పైపూతకి సరిపడా ఇసుక పోయించాను, మంగళవారం పొద్దున చూస్తే కుప్ప తరిగిపోయి ఉంది.”

నేను వంగి చూశాను. బండి దొర్లిన చోట గుర్తు చారలా ఉంది. ఆగిన చోట మాత్రం ఇంకాస్త దిగి, నాలుగు పలకల్లా స్పష్టంగా ఉంది. టేపు తీశాను. వెనక చక్రం గుర్తు వెడల్పు పది సెంటీమీటర్లు, పొడవు పదమూడు.

ఆ అంకె చూడగానే నాకు దేవసహాయం మాస్టారు గుర్తొచ్చారు. వాన వెలిశాక క్లాసుని గ్రౌండులోకి తీసుకుపోయి, బురదలో మమ్మల్ని ముందు రెండు కాళ్ల మీద, తర్వాత ఒంటికాలి మీద నిలబెట్టారు. ఒంటికాలు ఎక్కువ దిగింది. “మీ బరువు పెరిగిందట్రా? లేదు. అదే బరువు సగం చోటు మీద పడింది. ఒత్తిడి అంటే అదీ,” అన్నారు. వినోద్ ఒంటికాలి మీద నిలబడలేక బురదలో పడ్డాడు. మాస్టారు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడాయన ఉంటే ఈ గుర్తులు చూపించడానికి రిక్షాలో ఎక్కించుకొచ్చేదాన్ని.

“వినోద్, ఇటు రా. బండి ఇక్కడే ఉంది కదా? టైర్లలో గాలి ఎవరైనా ముట్టుకున్నారా?”

“సీజ్ చేసిన బండి. పెట్టె, ఇసుక బస్తాలతో సహా ఎట్లా ఉన్నది అట్లాగే తెచ్చాం. ఎవరూ ముట్టుకోలేదు.”

గేజి పెట్టి చూశాను. వెనక టైర్లు నలభై పౌన్లు. మంగళవారం పొద్దున రేపల్లె బంకులో పట్టించింది కూడా నలభయ్యేనని ఆదాము చెప్పాడు.

“నలభై పౌన్లంటే చదరపు సెంటీమీటరుకి రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు,” అన్నాను. “టైరులో గాలి అంత గట్టిగా నేలను నొక్కుతుంది. నేలను తాకిన చోటు పది పదమూళ్లు నూట ముప్పై. రెంటినీ గుణిస్తే ఆ చక్రం మోస్తున్న బరువు. మూడు వందల అరవై నాలుగు కిలోలు.”

“అయితే?”

“ముందు చక్రాలవీ ఇట్లాగే కొలిచి, నాలుగూ కలిపితే పన్నెండు వందల ముప్పై వచ్చింది. బండి, ఆదాము, పెట్టె, ఇసుక కలిపి ఎంత?”

వినోద్ ఫోన్లో లెక్క కట్టాడు. మొహం మారింది. అయినా తగ్గలేదు. “తడి సిమెంటులో టైరు దిగబడుతుంది. నీ గుర్తు తప్పు.”

“దిగబడితే గుర్తు పెద్దదవ్వాలి గాని చిన్నదవ్వదు. అంటే అసలు బరువు నేను చెప్పినదానికంటే తక్కువే ఉండొచ్చు, ఎక్కువ మాత్రం కాదు. ఈ ఇసుక బదులు గంటే ఉంటే ఇంకో రెండు వందల నలభై కిలోలు తోడయ్యేవి.”

“కాగితం మీద లెక్కలు కోర్టులో నిలబడవు.”

“అయితే కాగితం మీదే బండిని నిలబెడదాం.”

సండే స్కూలు నుంచి చార్టు కాగితాలు తెప్పించాను. వెనక టైర్లకు నీలిమందు పూయించాను. ఆదాము జాకీ పెట్టి బండిని లేపాడు. అరచేతి మందం గొట్టంలో నూనె, ఒక మనిషి ఒంటిచేత్తో కొట్టే కొట్టుడు, దానికి అంత బండి లేస్తుంది. నూనెను ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి తగ్గకుండా అంతటా పాకుతుంది. ఇదీ మాస్టారు చెప్పిందే. కిందకు కాగితం తోసి, ఆదామును డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, బండి దించాం. మళ్లీ లేపి కొలిస్తే పదమూడు సెంటీమీటర్లు. సిమెంటులో ఉన్నదెంతో ఇదీ అంతే.

“ఇప్పుడు ఇసుక దించి గంట బరువు ఎక్కిద్దాం,” అన్నాను.

“గంటేదీ?”

“నువ్వున్నావుగా.”

ముగ్గురు కానిస్టేబుళ్లు, నాగబాబు, అయ్యగారు, వినోద్. ఒక్కొక్కరూ తమ బరువు చెప్పారు. అయ్యగారు కాస్త తగ్గించి చెప్పినట్టు నాకు అనుమానం. అందరివీ కలిపితే నాలుగు వందల యాభైకి అటూ ఇటూ. ఆరుగురూ పెట్టెను ఆనుకుని ఒకరి కాళ్ల మీద ఒకరు కూర్చున్నారు. గేటు దగ్గర పోగైన ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఎంత ఆపుకున్నా నాకూ నవ్వొచ్చింది.

కొత్త కాగితం మీద గుర్తు దాదాపు పదిహేడు సెంటీమీటర్లు.

వినోద్ దిగి, రెండు కాగితాలూ సిమెంటు గుర్తు పక్కన పరిచాడు. నా టేపు తీసుకుని తనే మళ్లీ కొలిచాడు.

“ప్రార్థన జరుగుతున్నప్పటికే పెట్టెలో ఉన్నది ఇసుక,” అన్నాడు చివరికి.

“అవును. బాపట్ల సంగతి వదిలెయ్. ఆదాము ఈ గేటు దగ్గర బండి ఆపేసరికే మార్పిడి అయిపోయింది.”

ఆదాము నేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ప్రేమ్ కుమార్ గారు దగ్గరకొచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. “దేవుడు నీకు మంచి తెలివిచ్చాడమ్మా. మరి గంటేదీ?”

“దూరం పోలేదంకుల్. ఉన్నది ఒకటే గేటు. సోమవారం రాత్రి రోడ్డు తవ్వి ఉంది, ఇంకో బండి వచ్చే వీల్లేదు; ఆదాము బండి కూడా పొద్దున పలకలు పరిచాకే లోపలికొచ్చింది. బస్తాల్లో ఇసుక కూడా నాగబాబు కుప్పలోదే. గంట ఈ ప్రహరీ లోపలే ఉంది.”

చేతులకు నీలిమందు అంటింది. కడుక్కుందామని, ప్రహరీ లోపలే ఉన్న పాస్టరు గారి ఇంటి వెనక బావి దగ్గరకు వెళ్లాను. కుళాయిలు వచ్చాక ఆ నీళ్లు ఎవరూ వాడటం లేదు. చిన్నప్పుడు మేము గిలక మీద తాడు వేసి పోటీలు పడి తోడేవాళ్లం. ఇప్పుడు గట్టు మీద పాచి పట్టింది. ఆ పాచి ఒకచోట మాత్రం కొత్తగా గీరుకుపోయి ఉంది. లావాటి మోకు దిగిన గుర్తు.

లోపలికి వంగి చూశాను. నీటి మీద ఒక బుడగ తేలి పగిలింది. కాసేపటికి ఇంకోటి, సరిగ్గా అదే చోట. తర్వాత ఇంకోటి.

చేపా? చేపైతే తిరుగుతుంది. కుళ్లిన ఆకులా? ఆ గాలి చెల్లాచెదురుగా వస్తుంది. ఇది ఒకే చోటి నుంచి, ఒకే వరసలో వస్తోంది. నేను గట్టిగా అరిచాను. “వినోద్!”

అందరూ పరిగెత్తుకొచ్చారు. నాకు గర్వం తలకెక్కింది. క్లాసులో మాస్టారు బోర్డు దగ్గరకు పిలిచినప్పటిలా చెప్పడం మొదలుపెట్టాను.

“ఖాళీ గ్లాసు బోర్లించి నీళ్లలో ముంచితే ఏమవుతుంది? గాలి లోపలే ఉండిపోతుంది. గంటను నోరు కిందకి పెట్టి దించారు. ఇక్కడ నీళ్లు ఇరవై అడుగులు. అంత నీరు కింద చదరపు సెంటీమీటరుకి ఆరు వందల గ్రాముల బరువుతో నొక్కుతుంది. గంట లోపలి గాలిని నీళ్లు కింది నుంచి పైకి తోస్తున్నాయి. పైన భుజం దగ్గర లోతు కాస్త తక్కువ, అక్కడ ఒత్తిడీ తక్కువే. బీట ఉన్నదీ అక్కడే. ఆ బీటలోంచి గాలి బొట్టు బొట్టుగా బయటికొస్తోంది.”

“బుడగలు చూసి పంచనామా రాయమంటావా?” అన్నాడు వినోద్. గొంతులో మాత్రం వెటకారం లేదు.

బకెట్లు తీసే ఇనప గాలాన్ని తాడుకి కట్టి వదిలాను. తాడు సాగింది, సాగింది. గాలం దేన్నో తాకింది. కొంచెం పైకి లాగి మళ్లీ వదిలాను.

గంట మోగింది.

నీళ్లలోంచి, మందంగా, ఎక్కడో దూరపు ఊళ్లో కొట్టినట్టు. కానీ మాదే. పెళ్లిళ్లకీ, చావులకీ, గాలివాన రాత్రులకీ నేను విన్న గొంతే. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. నాకు కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

గుంపు చీలింది. దానమ్మ అత్త వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. నా వైపు చూసింది.

“ఎక్కడుందో చెప్పేశావా అమ్మా?” అంది.

తర్వాత గట్టు వదలకుండానే నెమ్మదిగా చెప్పింది.

“పోయిన వారం ఊడుస్తుంటే గదిలో సెక్రటరీ గారు ఫోన్లో అంటన్నారు. పాతకాలం కంచు, ఇప్పుడు దొరకదు, తెనాలి నుంచి రాత్రికి లారీ ఎక్కించెయ్యండి, ఊళ్లో వాళ్లకి ఇంకోటి పోత పోయించి తగిలిద్దాం, ఎవరికి తెలుస్తది అని. నా మాట ఎవరు నమ్ముతారని నేనే దాచాను. పెట్టెని తెనాలి తీసుకుపోడానికి పొద్దున్నే వేరే లారీ వస్తదన్నారు. అది రాక నా కొడుకునే పిలుస్తారని నాకేం తెలుసు? బండి కదిలేదాకా నాకు తెలవనే తెలవదు. పోలీసులు వాణ్ణి పట్టుకున్నాక, రాత్రికి వదిలేస్తారు దానమ్మా, నువ్వేం కంగారుపడకు అన్నారు సెక్రటరీ గారు. నమ్మి కూర్చున్నాను.”

“ఒక్కదానివే దించావా, నాలుగు వందల యాభై కిలోలు?” అన్నాడు వినోద్.

“దేవుడు బలమిచ్చాడండి.”

గట్టు మీది మోకు గుర్తు పడవ మోకుదని నాకు తెలుసు. వినోద్‌కీ తెలిసినట్టే ఉంది. సోమవారం ఆ మోకులతో వచ్చిన మస్తాన్‌రావు పేరు మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

ప్రేమ్ కుమార్ గారు ఉలకలేదు. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని నవ్వారు. “పెద్దావిడ. గంట మీద ప్రేమతో ఏదో ఊహించుకుంది. పోనీలెండి సీఐ గారూ, ఇంకా ఎఫ్ఐఆర్ కట్టలేదుగా? నా కంప్లైంటు వాపసు తీసుకుంటాను. ఇది గుడి లోపలి గొడవ. ఆదామును వదిలెయ్యండి, ఆవిణ్ణి ఏమీ అనొద్దు. గంటను మేమే పైకి తీసి రేపే తెనాలి పంపుకుంటాం.”

“ఎంత మంచి మనసండీ,” అంది గుంపులో ఎవరో.

కంప్లైంటు లేకపోతే పోలీసులకు గంటతో పని లేదు. రేపు సాయంత్రానికి అది ఏ లారీలో ఉంటుందో, ఏ ఊరు చేరుతుందో ఎవరూ అడగరు. కేసు నిలబడితే గంట కోర్టుకు చేరి భద్రంగా ఉంటుంది, కానీ దానమ్మ అత్త జైలుకి పోతుంది. ఆయన నన్ను ఎందుకు పిలిపించారో అప్పుడు అర్థమైంది. దొంగ కోసం కాదు. ఎవరో దాచిన సరుకు వెతికి పెట్టడానికి. నా లెక్కలన్నీ చేసి, అరిచి మరీ, ఆయన చేతిలో పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

“వినోద్,” అన్నాను.

వినోద్ నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు. “సాక్ష్యం లేదు బ్లెస్సీ. ఆయన వాపసు తీసుకుంటే నేను చేసేదేం లేదు.”

ఆదాము పరిగెత్తుకొచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. “అమ్మా, ఇంటికి పోదాం రా. వదిలేశారుగా.”

దానమ్మ అత్త ఆ చెయ్యి మెల్లిగా విడిపించుకుంది. కొడుకు చెంప నిమిరింది. చీరకొంగు నడుముకి బిగించి, వినోద్ ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాపింది.

“వాపసు వద్దండి,” అంది. “గుళ్లో గంట నేను దొంగతనం చేశాను. ఇంతమంది ముందు ఒప్పుకుంటున్నాను. రాసుకోండి. నన్ను తీసుకెళ్లండి. గంటను కోర్టులో పెట్టించండి.”

“అత్తా, నీకేం తెలీదు, ఊరుకో,” అన్నాను.

“ఎందుకు తెలవదమ్మా? అక్కణ్ణించి ఎవరూ అమ్ముకోలేరుగా?”

వినోద్ జేబులోంచి పెన్ను తీశాడు. బావి అవతల ప్రేమ్ కుమార్ గారి ఫోన్ మోగడం మొదలైంది, ఆయన ఎత్తలేదు.